రూర్కెలాలో తీరం దాటిన తుఫాను

బంగాళాఖాతంలో పుట్టే తుఫానులకు ఒక పాడు అలవాటు. రెండు రోజులు మనవైపే వస్తున్నట్టు ఊరిస్తాయి. కలెక్టర్లు సెలవులు రద్దు చేస్తారు. టీవీ కుర్రాళ్లు రెయిన్‌కోట్లు తొడుక్కుని కాకినాడ బీచిలో గాలికి ఊగుతూ నిలబడతారు. తీరా ఆఖరి పూట అది మెడ తిప్పి ఒడిశాలో తీరం దాటుతుంది. 2025 అక్టోబర్‌లో వచ్చిన మొంథా మాట నిలబెట్టుకుని నరసాపురం దగ్గరే దిగిందనుకోండి. అన్నీ అంత నిజాయితీగా ఉండవు.

మన హైదరాబాద్ తుఫాన్స్ అనే హాకీ జట్టుదీ ఇదే వరస. పేరు మనది. వాయుగుండం ఏర్పడింది ఢిల్లీ వేలంపాటలో. తీరం దాటింది రూర్కెలాలో. రూర్కెలాలో సముద్రం ఎక్కడిదని అడక్కండి. హుస్సేన్‌సాగర్‌లో మాత్రం ఉప్పునీళ్లున్నాయా ఏం?

2025 డిసెంబర్. జంటనగరాల్లో ఆకాశం నిర్మలంగా ఉంది, వాతావరణం పొడిగా ఉంది. ఒక్క సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా మేం కూర్చునే ఇరానీ హోటల్లోనే డిసెంబర్ వచ్చిందంటే అల్పపీడనం. ఎదురుగా స్టేషన్ పాత ముఖమే కూల్చేశారు, క్రేన్లు తిరుగుతున్నాయి, దుమ్ము లేస్తోంది. ఆ దుమ్ములోంచి మా టేబుల్ మాత్రం చెక్కుచెదరలేదు. ఒక కాలు పొట్టి. దాని కింద మడిచిన సిగరెట్ పెట్టె అట్ట. దాని చుట్టూ నలుగురు హాకీ నిపుణులం.

మొదటివారు గార్డుసాబు. దక్షిణ మధ్య రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి మెట్టుగూడలో స్థిరపడ్డారు. రెండోవాడు నా మేనల్లుడు, సాఫ్ట్‌వేర్. మూడోవాడు ప్లాట్ల తమ్ముడు. యాప్రాల్ నుంచి శామీర్‌పేట దాకా ప్రతి సర్వే నంబరూ నోటికొచ్చు. నాలుగోవాణ్ని నేను. హాకీ కర్ర పట్టుకోక ఎంత కాలమైందంటే, మేం ఆడినప్పుడు మా కర్రల కొసకు చుట్టింది సైకిలు ట్యూబు.

"గీసారి కప్పు మనదే," అన్నారు గార్డుసాబు, ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ.

"పోయినసారి కూడా గదే అన్నరు గద అన్నా," అన్నాడు తమ్ముడు.

"పోయినసారి వచ్చినట్టే వచ్చి పోయింది." అంటూ చేయి పైకెత్తారు. బిస్కెట్ సగం చేతిలో ఉంది. మిగతా సగం గ్లాసు అడుగున. "గిట్ల. ఒక్క సెకను ఎక్కువ ముంచినం, అంతే."

విషయం తెలియని అదృష్టవంతులకు నాలుగు ముక్కలు చెప్పాలి. 2017 తర్వాత ఏడేళ్లు ముసుగుతన్ని పడుకున్న హాకీ ఇండియా లీగ్ 2024 డిసెంబర్ 28న లేచి కూర్చుంది. మగవాళ్లలో ఎనిమిది జట్లు, అందులో ఒకటి మనది. జట్టుకు నాలుగు కోట్ల సంచీ. మనవాళ్లు ఆ సంచీలోంచి 68 లక్షలు తీసి గొంజాలో పెయాట్‌ను కొన్నారు. ఆ పేరు ఎలా పలకాలన్నదాని మీద మా టేబుల్‌కు నేటికీ ఏకాభిప్రాయం లేదు. గార్డుసాబు 'పిల్లట్' అంటారు, పైలట్‌కు తమ్ముడిలా. పెయాట్ పుట్టింది అర్జెంటీనాలో. 2016లో రియో ఒలింపిక్స్‌లో పదకొండు గోల్స్ కొట్టి ఆ దేశానికి బంగారం పెట్టాడు. తర్వాత ఇల్లు మారినట్టు దేశం మారి, 2023లో జర్మనీకి ప్రపంచకప్ అందించాడు. అలాంటి వలసపక్షికి మూడో గూడు హైదరాబాద్. జట్టు సెమీఫైనల్ దాటి, 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనల్ ఆడి, 4-3తో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడింది. అవతల జుగ్‌రాజ్ సింగ్ అనేవాడు హ్యాట్రిక్ కొట్టాడు. విజేతకు మూడు కోట్లు, మనకు రెండు. ఆ రోజు సికింద్రాబాద్‌లో ఒక్క షాపు మూతపడలేదు, ఒక్క టపాసు పేలలేదు. మా టేబుల్ మీద మాత్రం గ్లాసులోని బిస్కెట్ కరిగిపోయింది.

"68 లచ్చలంటే ఎక్కువే పెట్టిన్రన్నా," అన్నాను, నిపుణుడిగా నా వంతు ఏదో ఒకటి అనాలి గనక.

తమ్ముడికి కోపమొచ్చింది. "ఏం ఎక్కువ? ఆయన పెనాల్టీ కార్నర్ స్పెషలిస్టు గద? కార్నర్ బిట్టుకు రేటు ఎక్కువే ఉంటది. రెండు దిక్కుల రోడ్డు."

హాకీ ఆర్థికశాస్త్రాన్ని ఇంత సూటిగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

మేనల్లుడు ఫోను తీశాడు. వాడి దగ్గర ఎక్సెల్ షీటు ఉంది. అందులో మనం కప్పు కొట్టే అవకాశం శాతాల్లో ఉంది, పాయింటు తర్వాత రెండంకెలతో సహా. "మామా, సెప్టెంబర్‌లో ఢిల్లీలో మినీ ఆక్షన్ అయింది కదా. ఆ మూవ్స్ అన్నీ ఇందులో వేసేశా. స్క్వాడ్ డెప్త్ పెరిగింది."

"ఎవర్ని కొన్నర్రా?"

వాడు షీటును పైకి తోశాడు, కిందికి తోశాడు. "పేర్లు వేరే షీటులో ఉన్నాయి."

"మంచోళ్లనే కొని ఉంటరు," గార్డుసాబు తీర్పు చెప్పారు. ఆ ఆధారంతో మరో గంట చర్చ నడిచింది. డిఫెన్స్ గట్టిపడిందని ఒకరు, మిడ్‌ఫీల్డ్ పలచబడిందని ఒకరు. గొంతులు లేచాయి. పక్క టేబుల్ మీద లుఖ్మీ తింటున్న పెద్దమనిషి ఇదేదో కార్పొరేషన్ ఎన్నికల గొడవనుకుని మమ్మల్ని అనుమానంగా చూశాడు. చాయ్ పెట్టే అబ్బాయి మూడో రౌండు పౌనా పెడుతూ అమాయకంగా అడిగాడు: "సాబ్, ఇందులో మన పోరగాడు ఎవరన్నా ఉన్నడా?"

టేబుల్ పొట్టికాలు ఒక్కసారి ఊగింది.

ఉన్నాడా అంటే, గార్డుసాబు పోయినేడాదే ఒకణ్ని పట్టుకున్నారు. నీలకంఠ శర్మ. ఆ పేరు చూడగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏ గుడి పంతులుగారి పిలగాడో! శానా దినాలకు ఒక తెలుగోడు దొరికిండు" అని నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు. పాపం, ఆ నీలకంఠ శర్మది మణిపూర్. మంచి ఆటగాడు, టోక్యో ఒలింపిక్స్ కాంస్యం జట్టులో ఉన్నాడు. తుఫాన్స్ జట్టు జాబితా అంతా జల్లించి చూస్తే నా కంట పడిన తెలుగు పేరు అదొక్కటే, అదీ మణిపురిది. సుమిత్‌ది హర్యానాలో సోనీపత్ దగ్గరి పల్లె. షీలానంద్ లాక్రాది ఒడిశా. మిగతా వాళ్లలో బెల్జియం ఉంది, ఆస్ట్రేలియా ఉంది, ఇంగ్లండ్ ఉంది. తప్పేం లేదు, వేలంపాట లీగుల్లో అంతటా ఇంతే. బిర్యానీలో బాస్మతి బియ్యం ఎక్కడివని అడుగుతామా? కానీ దమ్ చేసేది కూడా ఇక్కడ కాదు, వడ్డించేది కూడా ఇక్కడ కాదు, తినేది కూడా మనం కాదు. 'హైదరాబాదీ' అని బోర్డు మాత్రం మనది. ఊటీలో, గోవాలో రోడ్డు పక్కన చూస్తాం కదా, అలాంటి బోర్డు.

ఆడవాళ్ల లీగూ మొదలైంది. అందులో హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టే లేదు. మా టేబుల్ దాని మీద వెచ్చించిన సమయం, చాయ్ మీద మీగడ తీసి పక్కన పెట్టేంత.

ఇక విశాఖపట్నం వారి సంగతి ఇంకా గొప్పది. వాళ్లకూ ఒక జట్టు వచ్చింది, టీమ్ గోనాసిక అని. గోనాసిక ఏమిటా అని సింహాచలం చుట్టుపక్కలంతా వెతక్కండి. అది ఒడిశాలో కెందుఝర్ జిల్లా కొండ, వైతరణి పుట్టే చోటు. పేరే వైతరణిది గనక జట్టు కూడా ఒక్క ఏడాదికి ఈ ఒడ్డు దాటేసింది. ఇప్పుడది రాంచీ రాయల్స్. వైజాగ్‌లో ఎవరైనా బెంగపెట్టుకున్నట్టు వార్తలు లేవు. రాకడ తెలియనివాళ్లకు పోకడ ఎలా తెలుస్తుంది? యూపీ రుద్రాస్ యజమానులైతే ఏకంగా చేతులెత్తేశారు, ఆ జట్టును 2026 సీజన్‌కు లీగ్ పాలకమండలే చేతిలోకి తీసుకుంది. ఈ కబురు వినగానే మా టేబుల్ ఒక్కసారిగా ఉత్సాహపడింది. "రెండు టీములు ఆగమైనయంటే మనకు రూట్ క్లియర్ గద!" ఎదుటివాడి ఇల్లు కాలితే మన వాస్తు బాగున్నట్టు.

ఇంతకీ ఈ ఊరికి హాకీ తెలియకనా? కంటోన్మెంటు ఊరు ఇది. పటాలాలు పరేడు చేసిన చోటల్లా సాయంత్రం కర్రలు ఠకఠకలాడాయి. రైల్వే కాలనీల్లో, లాలాగూడ వైపు, హాకీ అంటే ఇంటి ఆట. ముకేశ్ కుమార్ అని మన హైదరాబాదీ, బార్సిలోనా, అట్లాంటా, సిడ్నీ, వరసగా మూడు ఒలింపిక్స్ ఆడాడు. భారత్ తరఫున మూడొందల మ్యాచ్‌లు దాటాడు. 1995లో అర్జున, 2003లో పద్మశ్రీ. ఆ పేరెత్తగానే గార్డుసాబు నిటారుగా కూర్చున్నారు. "ముకేశ్! ఏం ఆడుతుండె తెల్సా! బాల్ కర్రకు అతుక్కుంటుండె."

"ఆయన తర్వాత ఎవరు గార్డుసాబ్?"

ఆయన బిస్కెట్ కోసం ప్లేటు తడిమారు. ప్లేటు ఖాళీ.

2005 గురించి కూడా చెప్పుకోవాలి, పండగ ఒక్కసారి వచ్చి పోయింది గనక. ఆ జనవరిలో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది. మొదటి ఏడాది ఆటంతా గచ్చిబౌలిలోనే. ఫ్లడ్‌లైట్లు, టీవీ కెమెరాలు, డెబ్బై నిమిషాల ఆటను నాలుగు ముక్కలు చేసిన కొత్త పద్ధతి. కప్పు కొట్టింది ఎవరనుకున్నారు? హైదరాబాద్ సుల్తాన్స్. కెప్టెన్ దిలీప్ టిర్కీ. మూడేళ్ల తర్వాత లీగూ పోయింది, సుల్తానులూ గద్దె దిగారు. మన ఊళ్లో హాకీకి 'ఆఫ్ సీజన్' అప్పుడు మొదలైంది. పదిహేడేళ్లయింది, ఇంకా నడుస్తోంది. మామిడిపండుకు కూడా ఇంత ఆఫ్ సీజన్ లేదు.

ఆ దిలీప్ టిర్కీది ఒడిశాలో సుందర్‌గఢ్ జిల్లా. ఆట మానేశాక రాజ్యసభకు వెళ్లాడు, 2022లో హాకీ ఇండియాకు అధ్యక్షుడయ్యాడు. రూర్కెలా ఏ జిల్లాలో ఉందో చెప్పండి చూద్దాం. సుందర్‌గఢ్. 2023 ప్రపంచకప్ కోసం అక్కడ ఇరవై వేలమంది పట్టే బిర్సా ముండా స్టేడియం కట్టారు. మన సుల్తానుల సైన్యాధిపతి జిల్లాలోనే మన తుఫాను తీరం దాటిందన్నమాట.

తమ్ముడు వేళ్లు విరిచాడు. "చూసిన్రా, గాళ్ల లీడర్ గాళ్ల ఏరియాకు పట్టుకపోయిండు. మనకు లీడర్లు లేరు."

మనకు లీడర్లు లేరనడం సికింద్రాబాద్‌లో నిలబడి అనగలిగిన మాట కాదు. పరేడ్ గ్రౌండ్స్‌లో సభ లేని నెల లేదు. సంక్రాంతికి అదే గ్రౌండ్‌లో గాలిపటాల పండగ చేస్తారు, మిఠాయిల స్టాళ్లు పెడతారు. ఒడిశావాళ్లు లీడర్ను నమ్ముకుని కూర్చోలేదు. సుందర్‌గఢ్ పల్లెల్లో హాకీ పోటీ పెడితే గెలిచిన జట్టుకు బహుమతి మేకపోతు. పొద్దున ఆడతారు, సాయంత్రం కోసుకు తింటారు. ఆ మేక మాంసం తిన్న ఊళ్ల నుంచే లాజరస్ బార్లా వచ్చాడు, దిలీప్ టిర్కీ వచ్చాడు, అమిత్ రోహిదాస్ వచ్చాడు. 2018 నుంచి భారత జట్ల చొక్కాల మీద ఒడిశా పేరుందంటే దానికి పునాది ఆ మేక. మన దగ్గరా టోర్నమెంట్లు పెడతారు. మేక ఉంటుంది. కాకపోతే అది ముఖ్య అతిథి ప్లేటులో ఉంటుంది. ఆటగాళ్లకు జ్ఞాపిక. ముఖ్య అతిథికి శాలువా కూడా.

పైకం సంగతి ఎత్తితే మేనల్లుడికి మండుతుంది గానీ చెప్పక తప్పదు. క్రికెట్‌లో సన్‌రైజర్స్ వాళ్లు హెన్రిక్ క్లాసెన్ ఒక్కణ్ని అట్టిపెట్టుకోవడానికి 23 కోట్లు పెట్టారు. తుఫాన్స్ మొత్తం జట్టుకు సంచీ నాలుగు కోట్లు. క్లాసెన్ ఒక్కడితో అయిదు హాకీ జట్లు కొని, ఆరోదానికి కోటి అప్పు చేస్తే సరిపోతుంది. ఉప్పల్ మ్యాచ్ టికెట్ కోసం మా తమ్ముడు ఒకసారి బాల్కనీ వ్యూ ఉన్న ఫ్లాటు మీద కమీషన్ తగ్గించుకున్నాడు. అదే తమ్ముణ్ని తుఫాన్స్ జెర్సీ కొన్నావా అని అడిగితే, "దొరుకుతయా?" అన్నాడు. నిజమే, నేనూ ఎక్కడా చూడలేదు. జనరల్ బజార్‌లో ఉన్నన్ని జెర్సీల్లో మెస్సీ ఉన్నాడు, కోహ్లీ ఉన్నాడు, రొనాల్డో పేరు అక్షరం తప్పుతో సహా ఉంది.

ఆ మధ్య ఒక ఉదయం నడకకు వెళ్లి మా ఇంటి దగ్గరి గ్రౌండ్ గోడ పక్కన ఆగాను. పదిమంది పిల్లలు. నలుగురి చేతుల్లోనే కర్రలు, మిగతావాళ్లు వంతు కోసం గోడమీద. నేల మొరం. ఒక పన్నెండేళ్ల పిల్లవాడు, ఒక బూటుకు తెల్లలేసు, ఇంకోదానికి గోనెసంచి పురికొస. ఫోన్లో చూసి నేర్చుకున్నాడు కాబోలు, పెయాట్‌లాగా డ్రాగ్ ఫ్లిక్ చేద్దామని చూస్తున్నాడు. డ్రాగ్ ఫ్లిక్ అంటే బంతిని కొట్టడం కాదు. కర్ర వంపులో బంతిని ఇరికించి, నేల మీద రాచుకుంటూ లాక్కొచ్చి, నడుము తిప్పి విసరడం. దానికి నేల అద్దంలా ఉండాలి. అందుకే నీళ్లు తడిపిన టర్ఫ్ మీద ఆడతారు. ఈ పిల్లవాడు లాగాడు. బంతి అడుగు దూరం వచ్చి ఒక రాయికి తగిలి పక్కకు దొర్లింది. గోలు వైపు లేచింది మాత్రం ఒక దోసెడు కంకర. గోల్‌కీపర్‌గా నిలబడ్డవాడు కళ్లు మూసుకుని మొహం తిప్పుకున్నాడు. "గోల్ రా!" అని అరిచాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. వాడు మళ్లీ బంతి తెచ్చి పెట్టుకుని, అరచేత్తో నేల చదును చేసుకుని, మళ్లీ లాగాడు. మళ్లీ కంకర.

1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌ను తొలిసారి కృత్రిమ టర్ఫ్ మీద ఆడించినప్పుడు, అంతకు ముందు ఏడాదే ప్రపంచకప్ గెలిచిన భారత జట్టు ఏడో స్థానానికి జారింది. ఆ సంగతి మా గార్డుసాబు ప్రతి డిసెంబర్‌లోనూ చెబుతారు. "గా టర్ఫ్ వచ్చే మన ఆట ఖరాబ్ చేసింది." యాభై ఏళ్లుగా ప్రపంచమంతా టర్ఫ్ మీద ఆడుతుంటే, ఈ పిల్లవాడు ఇంకా 1975లోనే ఉన్నాడు. తుఫాన్స్ స్క్వాడ్ డెప్త్ గురించి వాడికి తెలియదు. వాళ్ల స్క్వాడ్ డెప్త్ నాలుగు కర్రలు.

ఈ ముచ్చట టేబుల్ దగ్గర చెబితే అందరూ ఒక నిమిషం చింతించారు. చింత అయ్యాక మేనల్లుడు, "మామా, అదంతా గ్రాస్‌రూట్స్. మనం మాట్లాడుతున్నది టైటిల్ గురించి," అన్నాడు. గ్రాస్ ఉంటే కదరా, రూట్స్ సంగతి తర్వాత. అనలేదు, మింగాను. ఎందుకంటే నేను మాత్రం ఏం చేశాను? గోడ పక్కన నిలబడి చూశాను, ఇంటికెళ్లి ఇడ్లీ తిన్నాను.

కొత్త సీజన్ 2026 జనవరి 3న మొదలు. చెన్నై, రాంచీ, భువనేశ్వర్. ఈసారీ తుఫాను పటంలో హైదరాబాద్ లేదు. "మన టీం మన ఊళ్ల ఒక్క మ్యాచ్ ఆడదు. ఇదేం అన్యాయం!" గార్డుసాబు బల్ల గుద్దారు. అట్ట జరిగింది. చాయ్ తొణికింది. "మన గడ్డ మీద ఒక్క ఆట పెట్టుమను. ఊరు ఊరంతా కదిలొస్తది. నేను మనవణ్ని తీస్కొని పోత."

"చెన్నైకి పోదామా మరి? చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దించుతది. మీకు రైల్వే పాస్ కూడా ఉంది."

"చలికాలం," అన్నారాయన. చెన్నైలో.

అప్పుడు నేను జేబులోంచి ఆ రోజు పేపర్ ముక్క తీశాను. "సరే, ఇది వినండి. మార్చి 8 నుంచి 14 దాకా ఆడవాళ్ల ప్రపంచకప్ క్వాలిఫయర్ పోటీలు ఇక్కడే పెడుతున్నారు. హైదరాబాద్‌లో. ఎనిమిది దేశాలు. భారత్ కూడా ఆడుతోంది. వేలంపాట జట్టు కాదు, దేశం జట్టు. ప్రపంచకప్‌కు పోతామా లేదా అన్నది మన ఊళ్లోనే తేలుతుంది."

నిశ్శబ్దం. చాయ్ అబ్బాయి కూడా ఆగి విన్నాడు.

"యాడ?" అన్నారు గార్డుసాబు.

"గచ్చిబౌలి."

ఆయన నన్ను చాలాసేపు చూశారు, చంద్రమండలం అడ్రస్ చెప్పినట్టు. "గచ్చిబౌలా? గంత దూరం ఎవడు పోతడయ్యా? ట్రాఫిక్ ఎట్లుంటది తెల్సా?"

"పరేడ్ గ్రౌండ్ దగ్గర మెట్రో ఎక్కితే రాయదుర్గంలో దిగొచ్చు. అక్కణ్నుంచి ఆటో."

"మార్చిల మనకు ఇయర్ ఎండింగ్ రిజిస్ట్రేషన్లుంటయన్నా," అన్నాడు తమ్ముడు. మేనల్లుడి ఆఫీసు గచ్చిబౌలిలోనే. స్టేడియం గోడ పక్కనుంచే రోజూ క్యాబ్‌లో వెళతాడు. "మామా, వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగా మార్చికి," అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా. తర్వాత షీటులో ఏదో గడి నింపి, మొహం వెలిగించుకుని మావైపు తిప్పాడు.

తుఫాన్స్ టైటిల్ అవకాశం మూడు పాయింట్లు పెరిగిందట. గార్డుసాబు నాలుగో చాయ్ చెప్పారు.